ఎల్ట్స్ కోటని వాటాల వారీగా చూడండి

జర్మనీలో మోసెల్ నది పక్క లోయలో ఉన్న ఎల్ట్స్ కోటకి మా ఇంటికొచ్చిన చుట్టాలందర్నీ తీసుకెళ్తుంటాను. గైడ్ చెప్పేది తలకెక్కాలంటే ముందు కొంచెం హోంవర్క్ కావాలి.

ఓపికుంటే పార్కింగ్ వైపు నుంచి వద్దు. కోబ్లెంజ్–ట్రియర్ రైల్లో మోసెల్‌కెర్న్‌లో దిగి వాగు వెంట నడవండి, గంటన్నర లోపే. ఆ వాగు కోట కింది బండని మూడు వైపులా చుట్టుకుని పారుతుంది. అక్కడే ఎందుకు కట్టారో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

టూర్ మొదలయ్యే లోపు లోపలి వాకిట్లో తలెత్తి చూడండి. ఒక్క బురుజూ ఇంకోదానితో పొంతన కుదరదు. 1157లో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా ఇచ్చిన పత్రంలో ఈ కోట వంశానికి చెందిన రుడాల్ఫ్ ఫాన్ ఎల్ట్స్ సాక్షి. తర్వాత 1268 నాటికి ఎలియాస్, విల్‌హెల్మ్, థియోడరిక్ అనే అన్నదమ్ములు వాటాలు పంచుకున్నారు. ప్రహరీ ఒకటే, లోపల ఎవరి ఇల్లు వాళ్లది. మన దాయాదుల లోగిలి లాంటిదే అనుకోండి, కాకపోతే ఎనిమిదంతస్తులు. ముందు పాత రాతి బురుజు ప్లాట్‌ఎల్ట్స్‌ని పట్టుకోండి. తర్వాత రెండు బసాల్ట్ రాతి స్తంభాల మీద గది ముందుకు పొడుచుకొచ్చిన ఇల్లు వెతకండి. ఆ వంశంలో మూడు శాఖలున్నాయి; ఇది వాటిలో ర్యూబెనాఖ్ వాళ్ల వాటా, 1472 నాటిది, వాళ్ల గుర్తు వెండి సింహం. బంగారు సింహం కెంపెనిఖ్ వాళ్లది, గేదె కొమ్ములు రోడెన్‌డార్ఫ్ వాళ్లవి.

లోపల నాకు అన్నిటికన్నా ఇష్టం వీరుల హాలు. శాఖలన్నీ కలిసి మాట్లాడుకునే చోటు. అక్కడ విదూషకుల ముఖాలు చెక్కి ఉంటాయి: మనసులో మాట నిర్భయంగా అనొచ్చని. తలుపు మీద గులాబీ: అన్నది గడప దాటకూడదని. గైడ్ తొందరపెట్టినా ఆ రెండూ చూడకుండా కదలొద్దు.

1688 తర్వాత ఫ్రెంచి సేనలు రైన్ ప్రాంతపు కోటల్ని కూల్చేస్తుంటే, ఆ సైన్యంలోనే అధికారిగా ఉన్న హన్స్ ఆంటన్ అనే ఎల్ట్స్ వంశీయుడు ఈ కోటని కాపాడాడు. 1815లో ర్యూబెనాఖ్ వాటా కూడా కొనేసి కెంపెనిఖ్ శాఖ కోటంతా తనది చేసుకుంది. ఇప్పటికీ యజమానులు వాళ్లే.

లోపల ఫొటోలు తీయనివ్వరు, చలికాలం మూసేస్తారు. వెనక్కి వచ్చేటప్పుడు ఎదుటి గుట్ట మీది ట్రుట్జ్‌ఎల్ట్స్ శిథిలాలు కూడా చూడండి. 1331లో మొదలైన గొడవలో ట్రియర్ ఆర్చ్‌బిషప్ బాల్డ్విన్ ఈ కోటని లొంగదీయడానికే దాన్ని కట్టించి, అక్కడి నుంచి రాళ్లు రువ్వించాడు. దారి ఎక్కుడు, మంచి షూస్ వేసుకోండి.