ఆకురాలే కాలంలో ట్వీడ్ నది సాల్మన్: ఫ్లైని ఎంత లోతున, ఎంత నెమ్మదిగా ఈదించాలి

స్కాట్లాండ్ దక్షిణ కొండల్లో పుట్టి, కొంత దూరం ఇంగ్లండ్ సరిహద్దు వెంట పారే ట్వీడ్ నదిలో సాల్మన్ వేట ఫిబ్రవరి 1న మొదలై నవంబర్ 30న ముగుస్తుంది. సెప్టెంబర్ 15 నుంచి ఆఖరి రోజు వరకు ఫ్లైతో (ఈకలు, వెంట్రుకలు గాలానికి కట్టి చేసిన ఎర) మాత్రమే పట్టాలి, స్పిన్నర్లు (నీటిలో గిరగిరా తిరిగే ఎరలు) కుదరవు. ఆదివారం సాల్మన్ వేట ఉండదు. నది బీట్లుగా, అంటే వేటకు విడివిడిగా అనుమతి ఇచ్చే భాగాలుగా, విడిపోయి ఉంటుంది. మీరు దిగబోయే బీట్‌కు ముందే అనుమతి తీసుకోండి. ఎలాంటి గాలాలు వాడనిస్తారో, పట్టిన చేపను ఉంచుకోనిస్తారో లేదో కూడా అప్పుడే అడగండి. ఈ నిబంధనలు ఏటేటా మారుతుంటాయి.

సముద్రం నుంచి ఏరెక్కిన సాల్మన్ మంచినీటిలో మేత మేయదు. నీళ్ళు చల్లబడేకొద్దీ దాని కదలిక మందగిస్తుంది, ఫ్లై కోసం దూరం రాదు. అందుకే ఈ కాలంలో ఫ్లై పేరు కన్నా లోతు, వేగం ముఖ్యం. చేప ముఖానికి కాస్త పైగా, నెమ్మదిగా, బిగువుగా దాటిపోయే ఫ్లై పాతదైనా పనిచేస్తుంది. పైపైన పరుగెత్తే ఫ్లై ఎంత అందంగా కట్టినా వృథా.

ముందు నీళ్ళు చూడాలి

ఏరు పొంగుతున్నంతసేపు చేప నిలకడగా ఉండదు, నీటి నిండా ఆకులూ చెత్తా. వరద తీస్తూ, నీరు తేటపడుతున్న మొదటి రోజు, రెండో రోజు అన్నిటికన్నా మంచివి. దిగిన వెంటనే ఒడ్డున నీటి అంచుకు ఒక రాయి పెట్టండి. గంట తర్వాత రాయి మునిగిందా, పొడిలో ఉందా అన్నది చూస్తే ఏరు పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది. మోకాలి లోతులో నిలబడి చూస్తే బూటు ముందు భాగం కనిపించాలి. కనిపిస్తే ఫ్లై వేయవచ్చు. నీరు టీ రంగులో ఉన్నా భయం లేదు, అది పీట్ నేలల (మొక్కలు కుళ్ళి ఏర్పడిన నల్లటి తడి నేలలు) రంగు. పాలు కలిపిన టీలా చిక్కగా ఉంటేనే కష్టం.

ట్వీడ్‌లో ఇంకో సంగతి గమనించాలి. కెల్సో ఊరి దగ్గర టెవియట్ అనే ఉపనది వచ్చి కలుస్తుంది. ఆ ఏరు మురికిగా వస్తే కెల్సో కింది బీట్లు చెడతాయి, పైవాటిలో మాత్రం నీరు శుభ్రంగానే ఉండవచ్చు. ఇంకా కింద టిల్ అనే మరో ఉపనది కలుస్తుంది. అందువల్ల ప్రధాన నది మట్టం ఒక్కటే చూసి నిర్ణయించుకోకండి, మీ బీట్‌కు పైన కలిసే ఉపనదుల మట్టాలు కూడా చూడండి.

సామాను

రెండు చేతులతో పట్టే 14 లేదా 15 అడుగుల రాడ్, 9 లేదా 10 నంబరు లైన్. 150 గజాల బ్యాకింగ్ (లైన్ వెనక చుట్టే అదనపు దారం) పట్టే రీల్. విడిగా మార్చుకోగల మునిగే టిప్‌లు (లైన్ కొస ముక్కలు) ఉన్న షూటింగ్ హెడ్ (విసరడానికి బరువునిచ్చే లైన్ ముందు భాగం) ఈ కాలానికి బాగా నప్పుతుంది, ఎందుకంటే రోజులో రెండు మూడుసార్లు టిప్ మార్చాల్సి వస్తుంది.

లీడర్ (లైన్ కొసకూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నని దారం) విషయంలో తరచూ పొరపాటు జరుగుతుంది. తేలే లైన్‌కు 10 నుంచి 12 అడుగుల లీడర్ సరే. మునిగే టిప్‌కు అంత పొడవు పెడితే టిప్ కిందికి పోతుంది, ఫ్లై మాత్రం వడికి పైకి లేస్తుంది. 3 నుంచి 5 అడుగులు చాలు. 15 నుంచి 20 పౌండ్ల బలం ఉన్న ఒకే ముక్క నైలాన్ గానీ ఫ్లోరోకార్బన్ గానీ వాడండి. ముక్కలు కలిపితే మధ్య ముడులకు ఆకులు పట్టుకుంటాయి. ముడి బిగించే ముందు తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ బలం తగ్గుతుంది.

ట్యూబ్ ఫ్లైలలో (చిన్న గొట్టం మీద కట్టిన ఫ్లైలు) విల్లీ గన్, క్యాస్కేడ్, ఆలీస్ శ్రింప్ రకాలు ఉంటే చాలు. నలుపు, పసుపు, నారింజ కలిసిన విల్లీ గన్ రంగునీటిలో బాగా కనిపిస్తుంది. ఒకే రంగు ఫ్లైని ప్లాస్టిక్, అల్యూమినియం, రాగి ట్యూబుల మీద, అర అంగుళం నుంచి రెండు అంగుళాల దాకా పెట్టుకోవడం పది రంగులు మోయడం కన్నా మేలు. బరువు మార్చడమంటే లోతు మార్చడమే. బీట్ నిబంధన ఏదైనా ఎదురుముల్లును పట్టకారుతో నొక్కేయండి. చిన్న జంట గాలం మూడు ముళ్ళ ట్రెబుల్ కన్నా తక్కువ ఆకులు పోగుచేస్తుంది, చేప నోటికీ హాని తక్కువ.

లోతు కుదుర్చుకోవడం

జేబులో థర్మామీటర్ ఉండాలి. నీరు 10 డిగ్రీల సెల్సియస్‌కు పైన, మట్టం మామూలుగా ఉంటే తేలే లైన్‌కు నెమ్మదిగా మునిగే 10 అడుగుల టిప్, ప్లాస్టిక్ ట్యూబ్ పెట్టండి. 6 నుంచి 10 మధ్య వేగంగా మునిగే టిప్, అల్యూమినియం ట్యూబ్. 6 కంటే తగ్గినా, నది ఎత్తుగా పారుతున్నా, 12 అడుగుల టి-14 టిప్‌కు రాగి ట్యూబ్. టి-14 అంటే అడుగుకు 14 గ్రెయిన్ల (గ్రెయిన్ ఒక చిన్న బరువు కొలత) బరువు. ఇవి మొదలుపెట్టడానికే, ఆ తర్వాత చెప్పాల్సింది మడుగే.

ప్రతి రెండు మూడు విసుర్లకూ ఫ్లై అడుగున రాళ్ళకు తగులుతుంటే ముందు ట్యూబ్ తేలిక చేయండి, అప్పటికీ తగిలితేనే టిప్ మార్చండి. మడుగంతా దిగినా ఒక్కసారీ తగలకపోతే బరువు పెంచండి. చేప తన మట్టం కన్నా కొంచెం పైకి లేచి ఫ్లై అందుకుంటుంది, కిందికి దిగి అందుకోవడం అరుదు. కాబట్టి నేలను గీకే ఫ్లై కన్నా నేలకు అడుగెత్తులో పోయేది మంచిది.

విసరడం, తిప్పడం

గాలి సంగతి ముందు. గాలి ఏటి పైవైపు నుంచి కిందికి వీస్తుంటే లైన్ మీకు దిగువ వైపు ఉండాలి, డబుల్ స్పే గానీ స్నేక్ రోల్ గానీ చేయండి (ఇవీ, కింద చెప్పేవీ రెండు చేతుల రాడ్‌తో లైన్ విసిరే పద్ధతుల పేర్లు). కింది నుంచి పైకి వీస్తుంటే లైన్ ఎగువ వైపు పడాలి, సింగిల్ స్పే లేదా స్నాప్-టి. ఇది తారుమారు చేస్తే బరువైన రాగి ట్యూబ్ గాలికి మీ తలకే తగులుతుంది. టోపీ, కళ్ళద్దాలు ఎప్పుడూ తీయకండి.

మామూలుగా అవతలి ఒడ్డుకు 45 డిగ్రీల వాలుగా దిగువకు విసురుతారు. నీరు బాగా చల్లగా ఉంటే ఇంకా దిగువకు వాల్చండి. అప్పుడు ఫ్లై మెల్లగా దాటుతుంది. లైన్ పడిన వెంటనే ఒక్కసారి దాన్ని ఎగువకు తిప్పి వేసి, ఇంకో రెండు అడుగులు దిగువకు నడవండి. ఆ కాస్త వదులులో టిప్ మునుగుతుంది. ఆ తర్వాత కదిలించకండి. మాటిమాటికీ లైన్ తిప్పడం అలవాటైనవాళ్ళు ఫ్లైని మాటిమాటికీ కుదిపేస్తున్నారని గ్రహించరు. రాడ్ కొన కిందికి, లైన్ వైపే ఉండాలి.

ఫ్లై మీ ఒడ్డు కిందికి వచ్చి ఆగాక వెంటనే ఎత్తకండి. 5 నుంచి 10 సెకన్లు వేలాడనిచ్చి, రెండు మూడు పొడుగాటి లాగుళ్ళు లాగండి. వెంట వచ్చిన చేప అక్కడే అందుకోవచ్చు. ఒక్కో విసురుకు చల్లటి నీటిలో రెండు అడుగులు, లేకుంటే ఒక మీటరు దిగువకు జరగండి.

ఆకులు

ఈ కాలపు అసలు తలనొప్పి ఇదే. ఆకు తగిలిన ఫ్లై తిరిగిపోయి ఈదడం మానేస్తుంది, లైన్ బరువుగా, మందంగా వస్తుంది. ప్రతి విసురుకూ ఫ్లై చూసుకోండి, ఆలస్యమనిపించినా సరే. ఆకులు ముఖ్యంగా నడి వడిలో పోతాయి. అందువల్ల లైన్ తగ్గించి, వడికి లోపలివైపు మెత్తగా పారే అంచును గాలించండి. నీరు పెరిగినప్పుడు చేప కూడా తరచూ అక్కడికే చేరుతుంది.

చేప తగిలినప్పుడు

రాడ్ ఎత్తకండి. సాల్మన్ ఫ్లైని నోట పట్టుకుని తన చోటికి మళ్ళుతుంది. అప్పుడే లైన్ బిగువు గాలాన్ని దవడ మూలకు లాగుతుంది. ముందే గుంజితే నోటి నుంచి ఊడిపోతుంది. రీల్ బ్రేక్ కొంచెం వదులుగా ఉంచి, చేప రెండు మూడు గజాలు లైన్ లాగాక స్థిరంగా రాడ్ ఎత్తండి. అది గాలిలోకి దూకితే రాడ్ కొన కిందికి దించండి. చేపకు సమానంగా గానీ కాస్త దిగువన గానీ నిలబడి పక్కకు లాగండి. తేలికగా ఆడించి గంట పోరాడించిన చేప వదిలాక బతకకపోవచ్చు.

ముడులు లేని మెత్తని వలలో, నీళ్ళలోనే ఉంచి గాలం తీయండి. తోక పట్టుకుని వేలాడదీయకూడదు, వెన్నెముక, కీళ్ళు దెబ్బతింటాయి. మొప్పల మీద చేయి వేయకూడదు. ఒక చేత్తో తోక మొదలు, మరో చేత్తో పొట్ట కింద ఆనించి తల ఎగువకు పెట్టి, అది తనంతట తానే విదిలించుకుని పోయేదాకా పట్టుకోండి. ఎర్రబారిన, నల్లబారిన చేపల్లో, జనతో నిండిన ఆడవాటిలో తినదగిన రుచీ ఉండదు, నదికి మాత్రం రేపటి చేపలు వాటిలోనే ఉంటాయి. గాలానికి పట్టిన సాల్మన్ అమ్మడం స్కాట్లాండ్‌లో చట్టవిరుద్ధం.

నడుముకు బెల్టు, లైఫ్ జాకెట్, ఊతకర్ర లేకుండా వేడర్లతో (నీరు చొరని పొడవాటి బూటు దుస్తులు) దిగకండి. నవంబర్‌లో మడుగు చివర లోతు తక్కువ చోట గులకరాళ్ళు శుభ్రంగా, లేత రంగులో గుంటలు పడి కనిపిస్తే అవి గుడ్లు పెట్టిన చోట్లు. వాటి మీద కాలు పెట్టకుండా చుట్టూ తిరిగి వెళ్ళండి.