బడి తోటను మధ్యాహ్న భోజనంతో ముడిపెట్టడం ఎలా?

బడిలో తోట వేయాలనుకునే ఉపాధ్యాయులు ముందుగా చూడవలసింది ఖాళీ స్థలాన్ని కాదు, వంటశాలను. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు రోజూ ఎటు పారుతున్నాయో పిల్లలచేతనే కనిపెట్టించి, ఆ నీరు అందేలా ఎండ తగిలే చోట మడులు కట్టించాలి. గిన్నెలు తోమిన సబ్బు నీటిని మాత్రం అటు రానీయకూడదు. స్థలం లేని బడుల్లో సంచుల్లోనూ డబ్బాల్లోనూ పెంచవచ్చని బడి పోషక తోటల కోసం కేంద్రం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

జూన్‌లో బడి తెరిచాక తొలకరి పడగానే విత్తాలి. మొదటి పంటకు వంగ, టమాటా వద్దనే అంటాను. నారు పోసి, నాటి, కాయ కోసేసరికి చిన్న తరగతుల పిల్లలకు తోట మీద ధ్యాసే పోతుంది. తోటకూర అయితే 25-30 రోజుల్లో కోతకు వస్తుంది. దాని గింజలు మరీ సన్నవి కాబట్టి పొడి ఇసుకలో కలిపి చల్లించాలి. గోంగూర, బెండ ఆ తరువాత చేతికి వస్తాయి.

కోసిన రోజునే ఆకుకూరను పిల్లలచేత తూకం వేయించి, కడిగించి, వంటవారికి అప్పగించాలి. అది పప్పులో ఉడికి తమ కంచంలోకి వచ్చినప్పుడే, నిమ్మరసం పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము మరింత బాగా ఒంటబడుతుందన్న సైన్సు పాఠం చెప్పాలి. కంచాల్లో వదిలేసిన అన్నాన్ని కూడా వారం పాటు తూచి గోడ మీద రాయించవచ్చు, కానీ ఏ పిల్లవాడి పేరూ రాయకూడదు. ఎరువు గుంతలో పచ్చి తొక్కలు, ఎండుటాకులే వేయాలి. వండిన అన్నం వేస్తే ఎలుకలు చేరతాయి.

జీవామృతం అనే ద్రవ ఎరువు తయారీ మంచి లెక్కల పాఠం. 200 లీటర్ల నీటికి 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి కావాలన్న కొలతను 20 లీటర్లకు కుదించమని ఏడో తరగతివారిని అడగండి. దీనిని ఆకుల మీద కాకుండా నేలకే పోయించి, ఆపై చేతులు సబ్బుతో కడిగించాలి.

తోట పనిని శిక్షగా ఎన్నడూ వేయవద్దు. దసరా, సంక్రాంతి సెలవుల్లో నీరు పెట్టేవారిని ముందే కుదుర్చుకోవాలి. వేసవి సెలవుల్లో మాత్రం మడులను ఖాళీగా వదిలేయడమే మేలు. అంతకుముందే కొన్ని మొక్కలను ముదరనిచ్చి, గింజలు ఎండబెట్టి, పేరు, నెల రాసిన సీసాల్లో దాచించండి.