నేపుల్స్ నుంచి ఒక్కరోజులో పాంపే, ఎర్కొలానో

ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం పూడ్చేసిన పాత రోమన్ ఊరు పాంపే. దాన్ని చూడ్డానికి వెళ్లేవాళ్లు తికమక పడేది ముందు స్టేషన్ దగ్గరే. ఆ పేరుతో ఒకటికి మించి స్టేషన్లున్నాయి. తవ్వకాల గేటు పక్కనే దింపేది 'పాంపే స్కావి – విల్లా దే మిస్తేరి' ఒక్కటే. నేపుల్స్ సెంట్రల్ స్టేషన్ కింది అంతస్తులోని గారిబాల్ది నుంచి చిర్కుమ్‌వెసువియానా లోకల్ ఎక్కితే దాదాపు 40 నిమిషాలు. వేరే ఊళ్ల రైళ్లూ అక్కడికే వస్తాయి కాబట్టి బోర్డు మీద 'సొరెంటో' చూశాకే ఎక్కండి. సీటు కావాలంటే ఒక స్టాప్ వెనక్కి, రైలు బయల్దేరే పోర్తా నొలానాకే వెళ్లండి. జేబుదొంగలు ఎక్కువ, పర్సు ముందు జేబులో ఉండాలి.

రోజుకు 20,000 మందినే లోపలికి వదులుతారు. టికెట్ మీద పేరుంటుంది, పాస్‌పోర్ట్ వెంట ఉంచుకోండి. 30×30×15 సెంటీమీటర్లు దాటిన బ్యాగును గేటు దగ్గర ఇచ్చేయాలి. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితమే గానీ, ఆ తోపులాట కంటే టికెట్ కొనుక్కోవడమే నయం.

పొద్దున్నే పోర్తా మరీనా గేటు గుండా ఫోరం (ఊరి నడి చౌకు), అక్కడి నుంచి 'హౌస్ ఆఫ్ ద ఫాన్' అనే పెద్ద ఇల్లు చూడండి. అందులో నేల మీదున్న అలెగ్జాండర్ మొజాయిక్ (చిన్న రంగురాళ్లు పేర్చిన చిత్రం) నకలు మాత్రమే. అసలుది నేపుల్స్ మ్యూజియం సొత్తు. ఆ మ్యూజియానికి మంగళవారం సెలవు. తర్వాత ఆంఫీథియేటరా, విల్లా దే మిస్తేరియా తేల్చుకోండి: ఒకటి తూర్పు కొస, రెండోది వాయవ్యాన ఊరి గోడ బయట. ఎర్ర గోడల మీది చిత్రాల కోసం విల్లాకే నా ఓటు.

వీధుల్లో పరిచిన నల్లరాళ్లు అరిగి నున్నబడ్డాయి, వాన పడితే జారతాయి. పట్టున్న బూట్లు తప్పనిసరి. వీధికి అడ్డంగా ఎత్తయిన దాటురాళ్లు కనిపిస్తాయి. వాటి మధ్య సందుల్లోంచే బండి చక్రాలు పోయేవి, గాడులు ఇప్పటికీ వేలికి తగులుతాయి. నీడ దాదాపు ఉండదు. పాత రాతి తొట్ల దగ్గర పెట్టిన కుళాయిల్లో తాగునీళ్లు వస్తాయి, సీసా నింపుకోండి.

తిరుగు రైల్లో, పాత హెర్క్యులేనియం ఊరున్న ఎర్కొలానో కోసం ఎర్కొలానో స్కావి దగ్గర దిగి, పల్లంలోకి పది నిమిషాలు నడవాలి. టికెట్ వేరు. రెండూ క్రీ.శ. 79 వెసూవియస్ పేలుడులో పోయిన ఊళ్లే. పాంపేలో రాలిన రాళ్ల బరువుకు కప్పులు కూలాయి. ఇక్కడ ఉడుకు బూడిద ప్రవాహం కమ్మేయడంతో కలప బొగ్గయి నిలిచింది. దూలాలు, తలుపులు, ఒక ఇంట్లో చెక్క తడిక కూడా చూడొచ్చు. అప్పటి సముద్రపు ఒడ్డున పడవల కొట్టాల్లో దొరికిన అస్థిపంజరాలు దాదాపు 300. రెండు గంటలు చాలు. చలికాలంలో మాత్రం చివరి ప్రవేశం మధ్యాహ్నం మూడున్నరకే, కాబట్టి ఒంటిగంటన్నరకల్లా పాంపే వదలండి.

వెసూవియస్‌ను ఇదే రోజులో ఇరికించొద్దు. కొండ కొన మీది బిలం చూసే టికెట్ ముందే ఆన్‌లైన్‌లో, ఫలానా గంటకని కొనాలి. రైలు ఆలస్యమైతే ఆ డబ్బు పోయినట్టే.