గోదాములో మిగిలిన డ్రమ్ములు: ఉద్యోగంలో వ్యూహాత్మక ఆలోచనను అలవరచుకోవడం

వ్యూహాత్మక ఆలోచన అనగానే అది యాజమాన్యం చూసుకోవలసిన విషయమని, అప్పగించిన పని సకాలంలో ముగిస్తే తమ బాధ్యత తీరిపోతుందని చాలామంది ఉద్యోగులు అనుకుంటారు. ఈరోజు తీసుకున్న నిర్ణయం ఆరు నెలల తరువాత ఎవరి నెత్తిన ఏ రూపంలో వచ్చి పడుతుందో ముందుగా ఊహించడమే ఆ ఆలోచన అనుకుంటే, దాని అవసరం గుమాస్తాకూ ఉంటుంది, సూపర్‌వైజరుకూ ఉంటుంది. అది సాధనతో అబ్బేదే. ఎలాగో చెప్పడానికి చిత్తూరు ప్రాంతపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీని ఉదాహరణగా తీసుకుంటాను.

అక్కడ గుజ్జుకు వాడే తోతాపురి రకం మామిడి కోతలు ముమ్మరంగా సాగేది జూన్, జులై నెలల్లో. ఆ రోజుల్లో కొనుగోళ్లు చూసే సూపర్‌వైజరుకు ఊపిరి సలపదు. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, టోకెను ఎప్పుడిస్తారని రైతులు నిలదీస్తుంటారు, ర్యాంపుల్లో, అంటే వ్యాపారులు రైతుల దగ్గర కాయలు కొనే కేంద్రాల్లో, ఇవాళ ఏ ధర నడుస్తోందని ఫోన్లు మోగుతుంటాయి. అతని దృష్టంతా ఈ పూట దిగిన టన్నుల మీదే ఉండటం సహజం. అయితే ఆ ధరను శాసించే అంశాల్లో ముఖ్యమైనది వెనక గోదాములో ఉంటుంది. గుజ్జును శుద్ధి చేసి, గాలి చొరబడని సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెడితే ఏడాదికి పైగా నిల్వ ఉంటుంది కాబట్టి, నిరుడు అమ్ముడుపోని సరుకు ఈ ఏటి కొనుగోళ్లకు అడ్డుపడుతుంది. 2025లో పాత నిల్వలు పేరుకుపోయి ఫ్యాక్టరీలు కొనడానికి వెనుకాడటంతో ధర పడిపోయింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుకు కిలోకు 12 రూపాయలు అందాలని, అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలు చెల్లిస్తే మిగతా 4 రూపాయలు తాను భరిస్తానని ప్రకటించింది.

కాబట్టి మొదట చేయవలసిన పని, మీ ఉద్యోగంలో ఆ గోదాము ఏదో కనిపెట్టడం. సాఫ్ట్‌వేర్ బృందానికి అది 'తరువాత చూద్దాం' అని పక్కన పెట్టిన లోపాల జాబితా కావచ్చు. బ్యాంకు రుణ విభాగానికి రెండు వాయిదాలు ఆలస్యంగా కట్టిన ఖాతాలు కావచ్చు. దాన్ని పట్టుకోవాలంటే వారానికి ఒక సమస్యను ఎంచుకొని, అది ఎందుకు వచ్చిందో వెనక్కి రెండు అడుగులు, మీరు చూపిన పరిష్కారం ఎక్కడికి దారితీస్తుందో ముందుకు రెండు అడుగులు వేసి చూడాలి. మన సూపర్‌వైజరు ప్రతి శనివారం అరగంట కేటాయించి, స్టోర్ కీపరును మిగిలిన డ్రమ్ములెన్నో, అమ్మకాల విభాగాన్ని చేతిలో ఉన్న ఆర్డర్లెన్నో అడిగి, ఆ రెండు అంకెలను ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకుంటే చాలు. తన విభాగానికి సంబంధించని అంకె కోసం వెళ్లడానికి మొదట్లో మొహమాటంగానే ఉంటుంది. అసలు కష్టం అక్కడే అని నా అభిప్రాయం.

రెండవది, అంచనాలను తేదీ వేసి రాయడం. 'జూన్ 14: ఎగుమతి ఆర్డర్లు మందకొడిగా ఉన్నాయి, జులై 7లోగా గుజ్జు తీసే రెండో లైను ఆపవలసి రావచ్చు' అని కారణంతో సహా రాసిపెట్టి, ఆ తేదీన నోటుపుస్తకం తెరిచి చూసుకోవాలి. రాయకపోతే, ఏది జరిగినా 'నేను ముందే అనుకున్నాను' అని మనసు సర్ది చెప్పుకుంటుంది. నాలుగైదు నెలలు ఇలా రాస్తే, మీరు ఎప్పుడూ ఒకే వైపు తప్పుతున్నారని తెలిసిపోతుంది. కొందరు గిరాకీని ఎక్కువగా ఊహిస్తారు, కొందరు పనికి పట్టే సమయాన్ని తక్కువగా ఊహిస్తారు.

దేన్ని వదులుకోవాలో తేల్చుకోవడం వీటన్నిటికంటే కష్టం. 1985లో జపాన్ కంపెనీల పోటీకి తట్టుకోలేక అమెరికా చిప్‌ల కంపెనీ ఇంటెల్ మెమరీ చిప్‌ల వ్యాపారంలో నష్టపోతున్నప్పుడు, ఆ కంపెనీ ప్రెసిడెంట్ ఆండీ గ్రోవ్ దాని సీఈఓ గోర్డన్ మూర్‌ను, మనల్ని తొలగించి కొత్త అధిపతిని తెస్తే అతనేం చేస్తాడని అడిగారు; మెమరీల నుంచి తప్పుకుంటాడని మూర్ అన్నారు; ఆ పని వాళ్లే చేశారు. మీ కుర్చీలోకి రేపు మరొకరు వస్తే, మీరు చేస్తున్న పనుల్లో వేటిని మొదటి వారంలోనే ఆపేస్తారో రాసి చూడండి. ఎవరూ చదవని రోజువారీ నివేదిక ఒకటైనా తప్పక దొరుకుతుంది.

ఇంత ఆలోచించినా, పై అధికారికి చెప్పే తీరు సరిగా లేకపోతే అది ఫిర్యాదుగానే మిగులుతుంది. 'ఈసారి కష్టమండీ' అనకుండా ఒక పేజీలో నిల్వ ఎంత, ఆర్డర్లు ఎన్ని, ఉన్న రెండు మార్గాలేమిటి, ఒక్కొక్క దానికి అయ్యే ఖర్చెంత, మీరు దేనివైపు మొగ్గుతున్నారు అన్నవి ఉండాలి. ఆ కాగితం ట్రాక్టర్లు గేటు ముందుకు వచ్చాక ఇస్తే చదివే తీరిక ఎవరికీ ఉండదు. పిందె కట్టి, తోటల్లో కాపు అంచనా వేసే మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఆయన చేతికి అందాలి.