హార్మోన్ చికిత్సకు తోడుగా సప్లిమెంట్లు: కొనే ముందు చూసుకోవలసినవి

ట్రాన్స్‌జెండర్ మహిళలు ఈస్ట్రోజెన్ చికిత్స మొదలుపెట్టాక, సాధారణంగా 3 నుంచి 6 నెలల్లో చనుమొన వెనుక చిన్న గట్టి గడ్డలాంటిది చేతికి తగులుతుంది, నొక్కితే నొప్పి పుడుతుంది. రొమ్ముల పెరుగుదలకు ఇది మొదలు. అది పూర్తి కావడానికి 2, 3 ఏళ్లు పడుతుంది కనుక, ఈ మధ్యకాలంలో సప్లిమెంట్ల వైపు మనసు పోవడం సహజమే.

ప్యురేరియా మిరిఫికా అనే దుంప మొక్క, సోయా ఐసోఫ్లేవోన్ల వంటి వాటిలోని వృక్ష ఈస్ట్రోజెన్లు (మొక్కల్లో ఉండే ఈస్ట్రోజెన్ లాంటి పదార్థాలు) చికిత్సలో వాడే ఈస్ట్రోజెన్ అయిన ఎస్ట్రడియోల్ కంటే చాలా బలహీనమైనవి. అవి రొమ్ములను పెంచుతాయనడానికి నమ్మదగిన ఆధారాలు లేవు. మెంతి గుళికల సంగతీ అంతే. నా మటుకు ఆ ఖర్చు వృథా.

ఏది కొన్నా ముందు సీసా వెనుక ఉన్న పదార్థాల పట్టికను చదివి, దాన్ని డాక్టరుకు చూపించాలి. పురుష హార్మోన్ల ప్రభావాన్ని తగ్గించే మందు స్పైరోనోలాక్టోన్ ఒంట్లో పొటాషియంను నిలిపి ఉంచుతుంది కనుక, దాన్ని వాడేవారు పొటాషియం మాత్రలనే కాక, ఉప్పుకు బదులుగా అమ్మే పొటాషియం లవణాన్ని కూడా సొంతంగా వాడకూడదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. దిగులు తగ్గడానికి అమ్మే మూలిక సెయింట్ జాన్స్ వర్ట్ కాలేయంలోని ఎంజైములను ప్రేరేపించి, ఎస్ట్రడియోల్ త్వరగా విచ్ఛిన్నమయ్యేలా చేయగలదు.

జుట్టు, గోళ్ల కోసం వాడే బయోటిన్ హాని చేయకపోయినా, కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో హార్మోన్ ఫలితాలను తప్పుగా చూపిస్తుంది. అందువల్ల రక్తపరీక్షకు కనీసం 2 రోజుల ముందు, మోతాదు ఎక్కువైతే డాక్టరు చెప్పినంత ముందుగా, దాన్ని ఆపాలి. విటమిన్ డి లోపం పరీక్షలో తేలితే వాడవచ్చు, కానీ అది ఎముకల కోసమే.