ఒంటరి తల్లి లేదా తండ్రి పెంపకంలో పిల్లల చదువు చూసుకోవడం ఎలా?

ఇంట్లో అమ్మో నాన్నో ఒక్కరే ఉన్నంత మాత్రాన చదువు దెబ్బతినదు. దెబ్బతీసేవి వేరే: తగ్గిన ఆదాయం, మాటిమాటికీ ఇల్లూ బడీ మారడం, పక్కన కూర్చోవడానికి పెద్దవాళ్లకు తీరిక లేకపోవడం. వీలైనంతవరకు విద్యా సంవత్సరం మధ్యలో బడి మార్చకండి. తప్పకపోతే పాత నోటుపుస్తకాలు, చివరి పరీక్ష పేపర్లు కొత్త టీచరుకు చూపించండి. ఏ పాఠాలు తప్పిపోయాయో వాటిలోనే తెలుస్తుంది.

రోజుకు 20 నిమిషాలు చాలు, కానీ వేళ తప్పకూడదు. రాత్రి షిఫ్టయితే పొద్దున్నే కూర్చోండి. "హోంవర్క్ అయిందా?" అంటే "అయింది" అనే జవాబే వస్తుంది. దానికి బదులు నోటుపుస్తకం తెరిపించి, ఆరోజు చేసిన ఒక లెక్కను మీకు వివరించమనండి. తడబడిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి టీచరుకు చూపించమనండి. ఆ లెక్క మీకు రాకపోయినా ఇబ్బంది లేదు.

ఇంటి పరిస్థితి కనీసం క్లాస్ టీచరుకు చెప్పండి, అత్యవసరానికి రెండో ఫోన్ నంబరు ఇవ్వండి.

అన్నిటికన్నా ఎక్కువగా పెద్ద పిల్లను గమనించండి. వంట, తమ్ముళ్ల బాధ్యత ఆమె మీదే పడుతుంది. కష్టమని నోరు తెరిచి చెప్పదు, మార్కులు తగ్గాకే మనకు తెలుస్తుంది. పరీక్షలకు రెండు వారాల ముందే ఆ పనులు ఆమె చేతిలోంచి తీసేయండి.