షుగర్ పాదాలకు సలహా చెప్పే ఎక్స్‌పర్ట్ సిస్టమ్ తయారు చేయడం ఎలా?

ఎక్స్‌పర్ట్ సిస్టమ్ అంటే నిపుణుడి తెలివిని ‘ఇలా ఉంటే ఇది చెప్పు’ అనే నియమాలుగా పెట్టుకుని సలహా ఇచ్చే ప్రోగ్రాము. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల జాగ్రత్తలు చెప్పే చిన్న సిస్టమ్‌ను, ఇలాంటి నియమాలు రాయడానికి ఉచితంగా దొరికే క్లిప్స్ (CLIPS) అనే సాఫ్ట్‌వేర్‌లో రాసుకోవచ్చు. కోడు కన్నా ప్రశ్నలు కుదర్చడమే కష్టం. పాదాల వైద్యం తెలిసిన డాక్టరు మొదటినుంచీ పక్కన ఉండాలి.

ముందు ప్రమాద నియమాలు రాయండి. పుండు చుట్టూ ఎరుపు పాకుతోందా? చీము, దుర్వాసన ఉన్నాయా? వేలు నల్లబడిందా? పుండుతోపాటు జ్వరముందా? ఒక్కదానికి అవునన్నా మిగతా ప్రశ్నలు ఆపి, ‘ఈ రోజే ఆసుపత్రికి వెళ్లండి’ అనాలి. పుండు లేకున్నా ఒక పాదం వాచి, ఎర్రబడి, రెండోదానికన్నా వేడిగా ఉంటే అదీ ఇందులోకే వస్తుంది. లోపల ఎముకలు దెబ్బతింటూ ఉండవచ్చు.

తర్వాత స్పర్శ. ‘నొప్పి లేదు’ అన్న జవాబును నమ్మి ఏ నియమమూ రాయకండి. నరాలు దెబ్బతిన్న పాదంలో మేకు దిగినా తెలియకపోవచ్చు. ‘తిమ్మిరి’ అన్న మాటా చాలదు. ఒకరికది చిమచిమ, ఇంకొకరికి మొద్దుబారడం. ‘నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియలేదా?’ అని అడగండి. ఇంట్లోవాళ్లతో చిన్న పరీక్ష కూడా చేయించవచ్చు. రోగి కళ్లు మూసుకోవాలి. రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకాలి. నొక్కకూడదు, గీరకూడదు. ఆరు చోట్లలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే లెక్క. డాక్టరు దగ్గర 10 గ్రాముల మోనోఫిలమెంట్ పరీక్షకు (సన్నని నైలాన్ పోగును పాదానికి ఆనించి స్పర్శ చూసేది) పంపాలి.

ఆ ఫలితాన్నీ, పాదాల రక్తప్రసరణ గురించి డాక్టరు చెప్పినదాన్నీ బట్టి తర్వాతి పాదాల పరీక్షకు గడువు చెప్పాలి. స్పర్శ, రక్తప్రసరణ రెండూ బాగుంటే పరీక్ష ఏడాదికోసారి. ఒకటి తగ్గితే 6–12 నెలలకు. రెండూ తగ్గినా, ఒకటి తగ్గి పాదం ఆకారం మారినా 3–6 నెలలకు. ఒకటైనా తగ్గి, గతంలో పుండు పడి ఉన్నా, వేలు తీసేసి ఉన్నా 1–3 నెలలకు.

జవాబులు మూడు ఉండాలి: ఉంది, లేదు, తెలియదు. వంగి అరికాలు చూసుకోలేని పెద్దాయన ‘తెలియదు’ అంటే, దాన్ని ‘లేదు’ కింద జమకట్టి ‘మీ పాదాలు బాగున్నాయి’ అనేసే సిస్టమ్ కాలు పోగొడుతుంది. ‘నేలమీద అద్దం పెట్టి చూడండి’ అని చెప్పి మళ్లీ అడిగించండి.

‘రోజూ నడవండి’, ‘పుండున్న కాలిమీద బరువు మోపకండి’ రెండూ ఒకేసారి రావడం మరో చిక్కు. క్లిప్స్‌లో ఒక నియమానికి సేలియన్స్ (ప్రాధాన్యం) పెంచితే వరస మారుతుందే తప్ప రెండో నియమం ఆగదు. నడక నియమంలోనే ‘పుండు లేదని తేలితే’ అన్న షరతు పెట్టాలి.

ప్రతి సలహాకూ కారణం జోడించండి. ఉదాహరణకు కార్న్ క్యాప్ (ఆనెకాయకు అంటించే మందు పట్టీ) ఎందుకు వద్దంటే, అందులోని యాసిడ్ చర్మాన్ని తినేస్తున్నా స్పర్శ లేని వేలికి తెలియదు.

చివరగా ఓ 30 కేసులు రాసి, డాక్టరు జవాబులతో పోల్చండి. అనవసరంగా ఆసుపత్రికి పంపినవి రెండు మూడుంటే సర్దుకోవచ్చు. పంపాల్సిన కేసు ఒక్కటి తప్పినా రోగుల చేతికివ్వకండి.